పేజీకో పాదం

ఇంగ్లీషు ఉత్తరం పంపితే ఆ ప్రింటర్ చేతిలో టీ కప్పు కింద పెట్టేలోగా కాగితం తీసి ఇచ్చేది. తెలుగు పంపితే పచ్చ లైటు మిణుకుమిణుకుమంటూ కూర్చునేది. టీ తాగి, కప్పు కడిగి, పక్కవాళ్ళ కప్పు కూడా కడిగి వచ్చినా మిణుకుతూనే ఉండేది. చివరికి సగం పేజీ అచ్చువేసి, మిగతా సగం తెల్లగా వదిలేసి, మెమరీ నిండిపోయిందని తన చిన్న అద్దంలో ఒక మాట చూపించి ఊరుకునేది. నాకు అసలే ముక్కు మీద కోపం. మనుషుల దగ్గరైతే కాస్త దాచుకుంటాను. యంత్రాల దగ్గర దాచుకోవలసిన అవసరం ఏముంది? దాన్ని నోరారా తిట్టేదాన్ని.

డర్బన్‌లో స్ప్రింగ్‌ఫీల్డ్ అనే చోట, ఫ్యాక్టరీలన్నీ బారులు తీరి ఉండే పేటలో, చొక్కాలు కుట్టే ఒక కంపెనీ ఆఫీసు మాది. దక్షిణాఫ్రికాలో అన్ని రంగుల మనుషులూ ఒకే వరసలో నిలబడి మొదటిసారి ఓట్లు వేసిన కొద్దికాలానికే నేను గుంటూరు నుంచి ఆ ఉద్యోగానికి వెళ్ళాను. కంప్యూటర్ల పని నాది. ఒక పత్రికతో పాటు వచ్చిన సీడీలో లైనక్స్ దొరికితే, మూలన పడేసిన కంప్యూటర్లోకి దాన్ని ఎక్కించి, అదే మూలన దుమ్ము కొట్టుకుపోతున్న పాత లేజర్ ప్రింటర్ని దానికి తగిలించాను. ఏయే దేశాల్లోనో ఉన్నవాళ్ళు, ఒకరి ముఖం ఒకరు చూడనివాళ్ళు, కలిసి రాసి తీసుకోండని ఇచ్చేసిన ప్రోగ్రాములవి. లోపల ఏం రాశారో తెరిచి చదువుకోవచ్చు కూడా. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. మా మేనేజరుకు మాత్రం ఊరికే వచ్చినదేదీ పనిచేయదని గట్టి నమ్మకం.

జీతాలు చూసే ఆవిడ నా పక్క బల్ల దగ్గర కూర్చునేది. యాభై దాటిన మనిషి. ఆఫీసంతా ఆంటీ అని పిలిచేది, నేనూ అంతే. ఊరికి ఉత్తరాన ఉన్న ఫీనిక్స్ నుంచి రోజూ బస్సులో వచ్చేది. నేను చేరిన కొత్తల్లోనే ‘మేమూ తెలుగువాళ్ళమే’ అని గర్వంగా చెప్పింది, ఇంగ్లీషులో. వాళ్ళ పెద్దలు చెరకు తోటల్లో పనికి ఓడెక్కి వచ్చినవాళ్ళు. ఆంటీ దగ్గర మిగిలిన తెలుగంతా కొంగున ముడివేసుకోవచ్చు. అమ్మ, నాయన, అవ్వ, పులుసు, ప్రార్థనలో కొన్ని మాటలు. తిట్లు మాత్రం దండిగా ఉన్నాయి. నన్ను తెలుగులో తిట్టగలదు గానీ తెలుగులో పలకరించలేదు. ఇక్కడ ఆవిడ మాటలుగా రాస్తున్నవన్నీ ఆవిడ ఇంగ్లీషులో అన్నవే.

ఒకరోజు భోజనాల వేళ ఆంటీ తన డబ్బా మూత తీయకుండానే కూర్చుంది.

“మా అమ్మ పాడటం మానేసింది” అంది.

అదంత పెద్ద సంగతని నాకు అనిపించలేదు. పెద్దవయసు, గొంతు పోయి ఉంటుంది అన్నాను.

“గొంతుకేం, ఇప్పటికీ వీధి చివరికి వినిపిస్తుంది. పోయింది కళ్ళు.”

అప్పుడు చెప్పింది. వాళ్ళది బాప్టిస్టు చర్చి, తోటల్లో నుంచి వచ్చిన తెలుగు కుటుంబాలు కట్టుకున్నది. అక్కడ తెలుగు చదవగలిగిన మనిషి ఆంటీ వాళ్ళ అమ్మ ఒక్కతే మిగిలింది. అందుకని ఒక పద్ధతి పెట్టుకున్నారు. అవ్వ అందరి ముందూ నిలబడి పాటల పుస్తకంలో ఒక పాదం చదివి, రాగంతో అందిస్తుంది. కూర్చున్నవాళ్ళందరూ ఆ పాదాన్ని అందుకుని తిరిగి పాడతారు. వాళ్ళు ముగించాక అవ్వ ఇంకో పాదం అందిస్తుంది. పాటంతా అలా సాగుతుంది. పుస్తకంలో అక్షరాలు చీమల బారులా ఉంటాయి. ఈమధ్య ఒక ఆదివారం అవ్వ సగం పాటలో ఆగిపోయి, పుస్తకాన్ని ముఖానికి ఆనించుకుని చూసి, మూసేసి, వచ్చి కూర్చుందట. ఆ తర్వాత లేవలేదు.

“నోటికి రావా ఆ పాటలు?” అని అడిగాను.

“అన్నీ వచ్చు. నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. కానీ అక్షరం కనపడకుండా పాడదట. వాళ్ళ నాన్న అలా నేర్పాడట.”

చర్చి వార్షికోత్సవం దగ్గర పడుతోంది. అవ్వ లేచి పాడకపోతే తెలుగు పాట ఆ ఏటితో సరి, ఇక అన్నీ ఇంగ్లీషు పాటలే అని సంఘం పెద్దలు అనుకున్నారు. వాళ్ళకూ కష్టంగానే ఉందట, కానీ అందించేవాళ్ళు లేకుండా ఎలా? ఆ పుస్తకాన్ని జిరాక్సు మిషన్ మీద పెద్దది చేయించి చూశారు. కాగితం పసుపు పచ్చబడిపోయింది, అక్షరాలు అరిగిపోయాయి. పెద్దది చేస్తే అక్షరాల బదులు మరకలు పెద్దవయ్యాయి.

“నువ్వు తెలుగు కంప్యూటర్లో రాస్తావు కదా” అంది ఆంటీ. “ఒక్క పాట. పెద్ద అక్షరాల్లో. చాలా పెద్ద అక్షరాల్లో.”

ఓస్, ఇంతేనా అన్నాను. ఆ మాట అనేముందు నాలుక కరుచుకోవలసింది.

ఎవరో తెలుగువాళ్ళు ఓపికగా ఒక్కొక్క అక్షరం గీసి, కావలసినవాళ్ళు వాడుకోండని వదిలిన అక్షరాలు నా లైనక్స్‌లో ఉన్నాయి. ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే తెలుగై వస్తుంది. పుస్తకాన్ని భూతద్దం కింద పెట్టుకుని పాటంతా ఎక్కించాను. మొదటి పాదం, ‘ఒడ్డు కానరాని నీట నా దోనె నడిపితివి’. రెండోది, ‘ఎండ మండు చేనిలో నా గొంతు తడిపితివి’. సముద్రం దాటివచ్చి చెరకు నరికినవాళ్ళు ఆ పాదాలు పాడుతుంటే ఎలా ఉండేదో అనుకుని, కొడుతున్న చేతులు ఒక్క క్షణం ఆగాయి. తర్వాత అక్షరాలను అంగుళం ఎత్తుకు పెంచి, ప్రింటర్‌కు పంపాను.

అక్కడ మొదలైంది నా భాగవతం. క్యూలో పని ఉందా అని అడిగితే, ఉంది, అచ్చవుతోంది అని కంప్యూటర్ నిక్షేపంగా జవాబిచ్చేది. ప్రింటర్ దగ్గరకు వెళ్తే ఉలుకూ పలుకూ ఉండేది కాదు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది నా పని. డర్బన్ గాలిలో తేమ ఎక్కువ, కాగితం మెత్తబడిందేమోనని కొత్త కట్ట విప్పాను. కేబుల్ మార్చాను. వెనక మూత తీసి ఊది దుమ్ము దులిపాను. ఒకసారి మధ్యలో ఇరుక్కున్న కాగితాన్ని లాగితే అక్షరాలు అచ్చు పడ్డాయి గానీ ఇంకా అతుక్కోలేదు, ముట్టుకుంటే నల్లటి పొడి వేళ్ళకు అంటుకుని వచ్చింది. లేజర్ ప్రింటర్‌లో సిరా ఉండదు, పొడి ఉంటుంది. దాన్ని కాగితం మీద అద్ది, వేడితో కరిగించి అంటిస్తుంది. పొడి అతుక్కోని ఆ కాగితాన్ని ఎందుకో పారేయలేదు, సంచిలో పెట్టుకున్నాను.

చివరికి ప్రింటర్‌తో మాట్లాడే ప్రోగ్రామును తెరిచి చదివాను. అప్పుడు తెలిసింది నత్తనడక ఎందుకో. కంప్యూటర్ మాటిమాటికీ ఖాళీ అయ్యావా, ఖాళీ అయ్యావా అని ప్రింటర్‌ని అడుగుతోంది. అడిగినప్పుడల్లా మధ్యలో ఒక కునుకు తీస్తోంది. ప్రింటర్ ఎప్పుడో ఖాళీ అయ్యి చూస్తూ ఉన్నా, దీని కునుకు అయ్యేదాకా పని లేదు. ఆ పద్ధతి మాన్పించి, ఖాళీ కాగానే ప్రింటరే కేక వేసేటట్టు ఒక్క ఆదేశంతో మార్చాను. మిణుకు తగ్గి, మోటారు తిరిగింది. ఎక్కడో కూర్చుని ఈ చిన్న తలుపును నాకోసం అట్టేపెట్టినవాడెవడో తెలియదు. గట్టిగా దండం పెట్టాను.

అయినా వచ్చింది సగం పేజీయే. కాకపోతే ఈసారి తొందరగా వచ్చింది.

దీనికీ కారణం తెలుసుకున్నాక ప్రింటర్ మీద కోపం కొంత చల్లారింది. ఇంగ్లీషు అక్షరాలు దాని పొట్టలో పుట్టుకతోనే ఉన్నాయి. ఎ అను, ఎ అచ్చువేస్తుంది. తెలుగు దానికి రాదు. ఒక్కొక్క అక్షరాన్నీ చుక్కలు చుక్కలుగా బొమ్మ గీసి పంపాలి. పేజీ మొత్తం బొమ్మలైతే ఆ పాత యంత్రం బుర్రలో పట్టదు. పేజీ అంతా బుర్రలోకి ఎక్కేదాకా అది కాగితాన్ని కదిలించకూడదు, అది దాని పుట్టుక. అందుకే మింగలేక కక్కలేక సగం కక్కుతోంది. చుక్కలు తగ్గించి ముతకగా పంపితే పేజీ అంతా పట్టింది. కానీ సున్నాలు మెట్లు మెట్లుగా, ఒత్తులు విరిగిన పుల్లల్లా వచ్చాయి. ఏదో ఒకటి, కనపడితే చాలు కదా అనుకున్నాను. ముతక పేజీ, సగం పేజీ రెండూ పట్టుకుని శనివారం ఆంటీతో కలిసి ఫీనిక్స్ బస్సెక్కాను.

వాలుగా దిగే వీధిలో గోడకు గోడ ఆనించి కట్టిన ఇళ్ళు. వాళ్ళ వంటింటి తలుపు తెరిస్తే చిన్న పెరడు, పెరట్లో బట్టల తీగ. అవ్వ వంటింట్లోనే కుర్చీ వేసుకుని, తల వంచి, చింతపండు పిసుకుతోంది. ఎండిపోయిన చిన్న మనిషి. నా గొంతు విని తలెత్తింది. తెలుగు విన్నందుకు ఆవిడ ముఖం ఎలా మారిందో చెప్పడం నాకు చేతకాదు. చెయ్యి తుడుచుకుని నా మణికట్టు పట్టుకుని వదల్లేదు.

“ఏ ఊరు పిల్లా మీది?”

“గుంటూరు, అవ్వా.”

“మా నాయనది ఇశాకపట్నం. వోడెక్కినాడు, ఈడ దిగినాడు” అంది, నిన్న దిగినట్టు.

మా అమ్మమ్మ కూడా మాట్లాడని తెలుగు అది. వందేళ్ళు దాటినా ఎవరూ దిద్దని, ఎవరూ పాడుచేయని మాట. మధ్యమధ్య క్రియలు ఎవరి వెనక నడవాలో మరిచిపోయేవి. నేను పాడదు అనేది, అమ్మాయి వస్తారు అనేది. ఆ తప్పులు కూడా నా చెవికి కొత్తగా, నిండుగా ఉన్నాయి. ఇంత దూరంలో, ఈ కొండవాలు మీద, ఈ మాట ఇంకా బతికి ఉందా అని నేను నోరు తెరుచుకుని కూర్చున్నాను.

ముతక పేజీ ఇచ్చాను. కిటికీ వెలుతురు దగ్గరకు తీసుకెళ్ళి చూసింది.

“ఇకోనా” అంది. తోటల్లో అన్ని జాతులవాళ్ళూ కలిపి మాట్లాడుకున్న భాషలో ‘కాదు’ అని. “ఎలకలు కొరికేసినాయి పిల్లా అచ్చరాలు. ఇవి దేవుడి ముందర పెట్టేటియ్యి కావు.”

నాకు కోపం వచ్చింది, నిజమే. ఎంత కష్టపడ్డానో ఈవిడకేం తెలుసు అనుకున్నాను. మళ్ళీ చూస్తే నిజంగానే ఎలకలు కొరికినట్టే ఉన్నాయి. సంచిలోంచి కాగితాలు తీస్తుంటే పొడి అతుక్కోనిది కూడా బయటికి వచ్చింది. అవ్వ దాన్ని వేళ్ళతో తడిమింది. వేళ్ళు నల్లనయ్యాయి. ఆ నలుపును బొటనవేలితో రుద్దుకుంటూ చాలాసేపు చూసింది.

“మసి” అంది. “తోట తగలబెడతారు గదా, కోతకి ముందర. మా నాయన ఆ మసి నేల మీద పరిచి నా ఏలు పట్టుకుని దిద్దించినాడు. పలకేది ఆడ? నోటికొచ్చినంత మాత్రాన పాడకూడదు బిడ్డా అన్నాడు. కన్ను అచ్చరం మీద నడవాల, నోరు దాని ఎనక నడవాల. లేకుంటే మన మాటలు కలుస్తాయి అందులో.”

పొయ్యి దగ్గర ఉన్న ఆంటీ నాతో ఇంగ్లీషులో అంది, ఓట్ల రోజున కూడా అమ్మ అంతే చేసిందని. కాగితం మీద ఉన్న పేర్లన్నీ కూడబలుక్కుంటూ చదివితే గానీ గుర్తు పెట్టనందట. వెనక వరస ఎక్కడిదాకా ఉందో కనపడటం లేదు. అక్కడి జులూ అధికారిణి ఎవరినీ గొణగనివ్వకుండా, కుర్చీ తెప్పించి వేసి, తీరిగ్గా చదువు గోగో అందట. గోగో అంటే వాళ్ళ భాషలో అవ్వ. అవ్వ జీవితంలో మొదటి ఓటు అది. వరసలో ఉన్నవాళ్ళలో ఎందరికో అదే మొదటి ఓటు, అయినా అందరూ ఆగారట.

చివరికి సగం పేజీ చేతిలో పెట్టాను. అందులో మొదటి పాదం నున్నగా, నల్లగా, నిండుగా ఉంది. రెండో పాదం మధ్య నుంచి కోసేసినట్టు తలకట్లు మాత్రమే ఉన్నాయి. అవ్వ కాగితాన్ని చేతి దూరంలో పెట్టుకుంది. పెదాలు కదిలాయి. కుర్చీ పట్టుకుని లేచి నిలబడింది.

ఒడ్డు కానరాని నీట నా దోనె నడిపితివి.

అంత చిన్న ఒంట్లోంచి ఆ గొంతు ఎలా వచ్చిందో. వంటింట్లో పింగాణీ పళ్ళాలు మోగాయనిపించింది. ఆంటీ వెనక్కి తిరగలేదు. గరిటె పులుసులో తిప్పుతూనే, ఆ పాదాన్ని అందుకుని తిరిగి పాడింది. ఆవిడతో పాటు పెరట్లోంచి ఇంకో గొంతు లేచింది, లోతైన గొంతు. కిటికీలోంచి చూశాను. వాళ్ళింట్లో బట్టలు ఉతకడానికి ఇనాండా నుంచి వచ్చే జులూ ఆవిడ, నోట్లోంచి బట్టల క్లిప్పు తీసి చేతిలో పట్టుకుని, దుప్పటి తీగ మీద వేస్తూ పాడుతోంది. అక్షరం పొల్లు పోకుండా తెలుగు. ఆవిడకూ అర్థం తెలియదు, ఆంటీకీ తెలియదు. నాకు తెలుసు, నాకు రాగం తెలియదు.

వాళ్ళు ముగించారు. అవ్వ కాగితం మీద చూపు కిందికి దించింది. తలకట్లు ఉన్నాయి, అక్షరాలు లేవు. ఆగిపోయింది. ఆ రెండో పాదం ఆవిడకు రాక కాదు. పులుసు ఉడుకుతున్న చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. పెరట్లో ఆవిడ రెండో దుప్పటి చేత్తో పట్టుకుని అలాగే నిలబడి ఉంది. ఆంటీ గరిటె పైకెత్తి పట్టుకుంది. ఇద్దరూ తర్వాతి పాదం కోసం ఎదురుచూస్తున్నారు.

“అచ్చరాల కాళ్ళు ఎవుడు మింగేసినాడు పిల్లా?” అంది అవ్వ, నెమ్మదిగా. తిట్టు లేదు ఆ మాటలో. అది తిట్టు కన్నా ఎక్కువ తగిలింది.

సోమవారం దాకా ఆగలేకపోయాను. ఆ మధ్యాహ్నమే తిరుగు బస్సెక్కి ఆఫీసుకు వెళ్ళాను. బస్సంతా ఆ మౌనమే నా చెవుల్లో ఉంది. అవ్వ ఒక పాదం అందిస్తుంది, వాళ్ళు పాడి ముగించేదాకా ఆగుతుంది, అప్పుడు ఇంకో పాదం. ఎప్పుడైనా ఆవిడ కళ్ళ ముందు ఉండవలసింది ఒకే ఒక్క పాదం. పేజీ నిండా పాట కావాలని అన్నదెవరు? ఎవరూ అనలేదు. పేజీ అంటే నిండుగా ఉండాలని నేనే అనుకున్నాను. కొండను తవ్వి ఎలుకను పట్టడం అంటే ఇదే.

కాగితాన్ని అడ్డంగా తిప్పి, సరిగ్గా నడుమ ఒక్క పాదం పెట్టాను. చుట్టూ తెలుపు. తెల్లని చోటికి చుక్కలు పంపనక్కర్లేదు, ఇంత మేర ఖాళీ అని ఒక్క మాట చెబితే ప్రింటర్‌కు చాలు. అక్షరాలను ఇంకా పెంచాను. చుక్కలు సన్నగా, పూర్తిగా ఉంచాను. పంపి, ప్రింటర్ దగ్గరకు వెళ్ళి నిలబడ్డాను.

మోటారు తిరిగింది. కాగితం బయటికి వచ్చింది. ‘ఒడ్డు’ అనే మాటలో డకార వత్తు కింద చక్కగా కూర్చుని ఉంది. ఆ వెనకే రెండో పాదం, కాళ్ళతో సహా. ఆగకుండా, అద్దంలో ఏ ఫిర్యాదూ లేకుండా, వరసగా ఒక్కొక్క పాదం వచ్చి ఒకదాని మీద ఒకటి పడుతుంటే, నేను ఆ పాత ప్రింటర్ పక్కన నేల మీద కూర్చుండిపోయాను. విశాఖపట్నం మనిషి మసిలో దిద్దించిన అక్షరాలు, ఎవరో ఎక్కడో కూర్చుని గీసిన అక్షరాలు, నల్లటి పొడిలోంచి వేడివేడిగా నా ఒళ్ళో పడుతున్నాయి. చదువుకున్నదాన్ని, లోపలి ప్రతి మరా ఎలా పనిచేస్తుందో తెలిసినదాన్ని, అయినా నాకు దండం పెట్టాలనిపించింది. పెట్టాను కూడా. శనివారం కాబట్టి చూసేవాళ్ళు లేరు.

వార్షికోత్సవం రోజున చర్చి నిండింది. నేను చర్చిలో కూర్చోవడం అదే మొదలు. ఎక్కడ లేవాలో ఎక్కడ కూర్చోవాలో తెలియక ముందు వరసలో ఉన్న ఆంటీని చూసి చేస్తూ వచ్చాను. కొన్ని ఇంగ్లీషు పాటలు అయ్యాక సంఘ పెద్ద అవ్వ వైపు చూశాడు, అడగలేక. అవ్వ అప్పటికే లేచింది. తెల్ల చీర, చేతిలో కాగితాల దొంతర.

ఒడ్డు కానరాని నీట నా దోనె నడిపితివి.

చర్చి మొత్తం తిరిగి పాడింది. పసిపిల్లల తల్లులు, సూటు వేసుకున్న మగవాళ్ళు, తెలుగులో తమ పేరు కూడా రాసుకోలేని మనుషులు అందరూ. గోడలు దగ్గరకు జరిగినట్టు అనిపించింది. నాకు ఏడుపు వచ్చింది. ఎందుకని అడిగితే ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. వాళ్ళు ముగించారు. అవ్వ అయిపోయిన కాగితాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక, దాన్ని ముందు వరసలో ఉన్న కూతురి చేతికిచ్చి, రెండోది చూసింది. రెండో పాదం అయ్యాక ఆ కాగితం పక్కనే కూర్చున్న బట్టల తీగ ఆవిడకు ఇచ్చింది. వాళ్ళింట్లో అందరూ ఆవిడను సిసి అని పిలిచేవారు, జులూలో అక్కా అన్నట్టు. మూడోది వెనక వరసలోకి అందించింది. పాట సాగేకొద్దీ కాగితాలు ఒక్కొక్కటే మనుషుల్లోకి వెళ్ళాయి. చివరి పాదం అయిపోయేసరికి మా వరసలో నేను ఒక్కదాన్నే ఖాళీ చేతులతో ఉన్నాను. అవ్వ వెతుక్కుంటూ నా దగ్గరకు వచ్చి, చివరి కాగితం నా ఒళ్ళో పెట్టింది. ‘ఇల్లు చేరు దాక నా చెంత నుండవయ్యా.’

తర్వాత బయట బిర్యానీ తింటున్నప్పుడు అందరూ కాగితాలు తిరిగివ్వబోయారు. అవ్వ పుచ్చుకోలేదు.

“ఉంచుకోండి. మళ్ళీ పాడాల్సినప్పుడు ఎవుళ్ళది ఆళ్ళు తెచ్చుకోండి” అంది. నేను దాన్ని ఇంగ్లీషులోకి మార్చి అందరికీ చెప్పాను. ముసలావిడ చాదస్తం అని నవ్వారు కొందరు. నవ్వుతూనే మడిచి జేబుల్లో, సంచుల్లో, బైబిళ్ళలో పెట్టుకున్నారు.

ఆ తర్వాతి చెరకు కోతల కాలంలో అవ్వ పోయింది. తోటలు తగలబెట్టే రోజులు కాబట్టి ఫీనిక్స్ గాలిలో కూడా మసి తునకలు ఎగురుతూ ఉన్నాయి. చర్చి ముందు నిలబడ్డవాళ్ళ తెల్లబట్టల మీద వాలుతుంటే దులుపుకుంటూ లోపలికి వెళ్ళాం. నా సంచిలో నా కాగితం ఉంది. ఎందుకు తెచ్చానంటే, ఆవిడ తెచ్చుకోమంది కాబట్టి. ఇంకెవరికైనా గుర్తుంటుందని అనుకోలేదు.

ప్రార్థన అయ్యింది. సంఘ పెద్ద ఇంగ్లీషు పాట పేరు చెప్పబోయాడు. ఆంటీ లేచి నిలబడింది. మడతలు పడ్డ కాగితం విప్పి, రెండు చేతులా ముఖం ముందు పట్టుకుని, చూపును అక్షరాల మీద ఎడమ నుంచి కుడికి నడిపిస్తూ పాడింది. ఒక్క అక్షరం కూడా ఆవిడకు చదవడం రాదు. అయినా కన్ను నడిచింది, నోరు దాని వెనక నడిచింది. అందరం తిరిగి పాడాం. సిసి లేచింది. ఎండ మండు చేనిలో, అంటూ ఆ లోతైన గొంతు అందించింది. వెనక వరసలోంచి ఒక సూటు ఆయన లేచాడు. ఎవరి తర్వాత ఎవరో ఎవరూ చెప్పలేదు. వార్షికోత్సవం రోజున తాము ఎవరి పక్కన కూర్చున్నారో, ఎవరి తర్వాత తమ చేతికి కాగితం వచ్చిందో వాళ్ళకు గుర్తుంది. అచ్చైన వరసలోనే, ఒక్క పాదం తప్పిపోకుండా, పాట చర్చిలో ఆ మూల నుంచి ఈ మూలకు లేచి కూర్చుంటూ వచ్చింది. నా మనసులో వేరే మాట లేదు. ఎలా, ఎలా అనుకుంటూ ఉండిపోయాను.

అప్పుడు అందరూ నా వైపు తిరిగారు.

లేచాను. కాగితం మడత దగ్గర నల్లటి పొడి కొంచెం రాలిపోయింది, అయినా అక్షరాలు స్పష్టంగానే ఉన్నాయి. ఆ గదిలో చదవగలిగినదాన్ని నేనొక్కదాన్నే. ఇల్లు చేరు దాక నా చెంత నుండవయ్యా, అని తప్పు లేకుండా చదివాను, రేడియోలో వార్తలు చదివినట్టు. ఎవరూ తిరిగి పాడలేదు. వాళ్ళకు అందుకోవడానికి నా దగ్గర రాగం లేదు. వంటింట్లో ఆ రోజు విన్న మౌనమే మళ్ళీ వచ్చి కూర్చుంది. అవ్వ పాట నా దగ్గరకు వచ్చి ఆగిపోయిందే అనుకున్నాను.

ముందు వరసలోంచి ఆంటీ వెనక్కి తిరిగి నా ముఖంలోకి చూసింది. నెమ్మదిగా, పసిపిల్లకు అన్నం ముద్ద అందించినట్టు, ఆ పాదాన్ని రాగంతో అందించింది. సిసి గొంతు కలిపింది. వెనక నుంచి ఒక్కొక్కరే కలిపి, చర్చి మొత్తం ఆ ఒక్క పాదాన్ని నాకోసం పాడి, ఆగింది. అందరూ ఆగి, ఎదురుచూశారు.

నేను కాగితం మీద కళ్ళు పెట్టి, తిరిగి పాడాను.